పచ్చకొమ్మ కట్టిన వాకిలి

స్లొవేనియా అనే దేశం ఒకటుందని మన రైతుల్లో చాలామంది విని ఉండరు. పోయిన ఏడాది దాకా నేనూ వినలేదు. జర్మనీలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు రమ్మని టికెట్ పంపితే పోయాను. వాడు సెలవు పెట్టి, "మామా, పక్కనే చిన్న దేశం ఉంది, కారు బాడుగకు తీసుకుని ఆరు రోజులు తిరుగుదాం. కొండలూ ఉన్నాయి, సముద్రమూ ఉంది" అన్నాడు. సరేనన్నాను. వ్యవసాయ విలేకరికి కొండలూ సముద్రం కంటే వాటి మధ్య ఉన్న పొలాల మీదే చూపు పోతుంది. చూసింది చూసినట్టు చెప్పి, మనకు పనికొచ్చే మాట ఒకటి చివర్లో చెబుతాను.

ముందు ఆ దేశం ఎంతదో తెలియాలి. పాత ఉమ్మడి అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. స్లొవేనియా దేశం మొత్తం కలిపి సుమారు 20,270. అంటే మన పాత జిల్లాకు నాలుగు మండలాలు కలిపితే ఒక దేశం. జనాభా 21 లక్షలు, 2011 లెక్కల్లో మన జిల్లా జనాభాలో సగం. ఉత్తరాన ఆల్ప్స్ మంచుకొండలు, వాటిలో 2,864 మీటర్ల ఎత్తున త్రిగ్లావ్ శిఖరం. నైరుతిలో 47 కిలోమీటర్ల సముద్ర తీరం. మధ్యలో సగానికి పైగా అడవి. 1991 దాకా యుగోస్లావియాలో ఒక భాగం. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2007 నుంచి యూరో వాడుతోంది.

వ్యవసాయానికి అది సుఖమైన దేశమేమీ కాదు. సాగుభూమిలో ఎక్కువ భాగం కొండవాలు, రాతినేల. సగటు కమతం ఏడు హెక్టార్లు, అంటే 17 ఎకరాలు. మనకు అది పెద్ద రైతు లెక్క. యూరప్‌లో మాత్రం చిన్న రైతు కిందికే వస్తాడు. యంత్రాలతో వందల హెక్టార్లు చేసే దేశాల సరుకుతో పోటీ పడలేడు. మరి ఎట్లా నిలబడ్డాడు? దారి పొడుగునా నేను వెతికింది ఇదే.

పెద్దరోడ్డు రైతుకేమీ ఇవ్వదు

కారు ల్యుబ్ల్యానాలో తీసుకున్నాం. అది రాజధాని. మన పిల్లలు ఆ దేశాల్లో చాలామంది ఉన్నారు కాబట్టి, అమ్మానాన్నలను తిప్పాలనుకునే వాళ్లకు పనికొస్తాయని నాలుగు సంగతులు చెబుతాను. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి. బండి కుడివైపు నడపాలి. పట్టపగలైనా లైట్లు వేసే ఉంచాలి, అది అక్కడ చట్టం. ఊళ్లల్లో 50, మామూలు రోడ్ల మీద 90, మోటార్‌వే మీద 130 కిలోమీటర్ల వేగం దాటకూడదు. మోటార్‌వే ఎక్కాలంటే బండి నంబరు మీద ముందే రుసుము కట్టాలి, దాన్ని విన్యెటా అంటారు. బాడుగ కారుకు అది కట్టి ఉందో లేదో తాళం తీసుకునేటప్పుడే అడగాలి. కారు నాలుగు పక్కలా ఫోటోలు తీసుకోవాలి. పాత గీతకు మన దగ్గర డబ్బు పట్టుకుంటే పరాయి దేశంలో పంచాయితీ చేయలేం.

"మామా, మోటార్‌వే మీద పోతే గంటన్నరలో సముద్రం చూడొచ్చు" అన్నాడు మేనల్లుడు. "సముద్రం ఎక్కడికీ పోదులే, ముందు ఊళ్లల్లోకి తిప్పు" అన్నాను. ఆ మాట అనకపోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. మోటార్‌వే పక్కన పెట్రోలు బంకులు, వాటిలో దుకాణాలు. మన 44వ నంబరు జాతీయ రహదారి మీద ఏముందో అదే. రైతు కనపడడు, రైతు సరుకూ కనపడదు. పక్కదారి పట్టాకే రైతు కనిపించాడు.

గడ్డి ఆరబెట్టే పందిళ్లు

మొదట ఉత్తరానికి పోయాం. బ్లెడ్ అనే చోట చెరువు మధ్యన దీవి, దీవి మీద చర్చి. పటాల్లో అందరూ చూసేది అదే. అక్కడ జనం జాతరలా ఉన్నారు. మేం ఆగకుండా బోహిన్య్ లోయకు పోయాం. స్టుడోర్ అనే పల్లె బయట వరసగా కొయ్య కట్టడాలు కనిపించాయి. నిలువు గుంజలు, వాటికి నిచ్చెన మెట్ల మాదిరి అడ్డదూలాలు, పైన కప్పు. గోడలు లేవు. పేరు కొజోలెత్స్. ఏమిటంటే గడ్డి ఆరబెట్టే పందిరి.

అక్కడి పడమటి కొండల్లో కొన్ని చోట్ల ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన జిల్లా సగటు 550. మనం వాన లేదని ఏడిస్తే వాళ్లు తెరిపి లేదని ఏడుస్తారు. కోసిన గడ్డి నేలమీద వేస్తే కుళ్లిపోతుంది. అందుకని అడ్డదూలాల మీద ఆరేస్తారు. పైన కప్పు తడవనివ్వదు, పక్కల నుంచి గాలి ఆడుతుంది. చలికాలమంతా పాడి నిలబడేది ఈ గడ్డి మీదే. ఇప్పుడు చాలామంది గడ్డిని ప్లాస్టిక్ చుట్టి మోపులు కడుతున్నారు, పందిళ్ల వాడకం తగ్గింది. అయినా పడగొట్టలేదు. వాటిని చూడటానికి జనం వస్తున్నారు, వచ్చినవాళ్లు ఆ ఊళ్లోనే చీజ్ కొంటున్నారు.

ఇది చూసినప్పుడు చెనక్కాయ పీకే నాటి మన కల్లాలు గుర్తుకొచ్చాయి. పీకిన కట్టె మీద అకాల వాన పడి, బూజు పట్టి, పశువులు మూతి పెట్టకుండా పోయిన ఏళ్లు ఎన్ని! వాళ్లలాగా మనం కొయ్య మేడ కట్టక్కర్లేదు. నాలుగు గుంజలు, పైన రేకు, గాలి ఆడే అటక ఉంటే చాలు. ఆలోచించదగిన విషయమే.

అదే ప్రాంతం తేనెటీగలకూ పేరుపడ్డది. 1734లో అక్కడి పల్లెలో పుట్టిన ఆంటోన్ యాన్షా వియన్నా పోయి రాజ్యం తరఫున తేనెటీగల పెంపకం బోధించాడు. ఆయన జ్ఞాపకంగా మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా జరపాలని స్లొవేనియా అడిగితే, ఐక్యరాజ్య సమితి 2017లో ఒప్పుకుంది. ఆ దేశంలో రెండు వందల మందికి ఒకరు తేనెటీగలు పెంచేవారే. పెట్టెలన్నీ ఒక చిన్న కొయ్య గదిలో బీరువా అరల మాదిరి పేర్చి పెడతారు. ముందు పలకల మీద రంగు బొమ్మలు వేయడం పాత ఆచారం. తేనెటీగలకు హాని చేసే కొన్ని పురుగుమందులను 2011లోనే నిషేధించారు. పూత మీదున్న పొద్దుతిరుగుడుకు పట్టపగలు మందు కొట్టే మనోళ్లు ఈ ఒక్క సంగతైనా గుర్తు పెట్టుకోవాలి. తేనెటీగ రాకపోతే గింజ పట్టదు.

యాభై మలుపుల కొండదారి

తర్వాత వర్షిచ్ కనుమ ఎక్కాం. ఎత్తు 1,611 మీటర్లు. ఎక్కి దిగేటప్పటికి 50 మలుపులు, ప్రతి మలుపు దగ్గర నంబరు రాసి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడ్డ రష్యా సైనికుల చేత ఈ దారి వేయించారు. 1916 మార్చిలో మంచుచరియ విరిగిపడి వాళ్లలో చాలామంది చచ్చిపోయారు. వాళ్ల పేరున దారి పక్కన చిన్న కొయ్య చర్చి ఉంది. మేనల్లుడు మలుపు మలుపుకీ గేరు మారుస్తుంటే నేను ప్రాణాలు బిగబట్టుకుని కూర్చున్నాను. చలికాలంలో మంచు పడితే ఈ దారి మూసేస్తారు. అప్పుడు అవతలి లోయకు పోవడానికి ఇంకో ఉపాయముంది. కారును రైలు మీదికెక్కించి, 1906లో తెరిచిన ఆరు కిలోమీటర్లకు పైగా పొడుగున్న సొరంగం గుండా దాటిస్తారు.

కనుమ దిగితే సోచా నది. నీళ్లు పచ్చటి గాజు మాదిరి ఉంటాయి. ఆ లోయలో వేసవి రాగానే ఆవులను కొండ మీది బీళ్లకు తోలతారు. అక్కడే పాలు పిండి, అక్కడే చీజ్ చేస్తారు. శరదృతువులో మందలు దిగి వస్తాయి. బోహిన్య్‌లో సెప్టెంబరులో ఆవులను పూలతో అలంకరించి పండుగ చేస్తారట. మన కనుమ పండుగ లాంటిదే అనుకున్నాను. తోల్మిన్ అనే ఊరి చీజ్‌కు తోల్మింత్స్ అని పేరు. యూరోపియన్ చట్టం ఆ పేరుకు రక్షణ ఇచ్చింది. ఇంకో ఊరివాడు, ఇంకో దేశంవాడు అదే రకం చేసినా ఆ పేరు పెట్టి అమ్మకూడదు. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అట్లాంటిదే. తేడా ఏందంటే, అక్కడ పేరు వెనకాల పాలు సేకరించే కేంద్రం, నాణ్యత చూసేవాళ్లు, అమ్మే దుకాణం ఉన్నాయి. ఒట్టి పేరు కాగితం మీద ఉంటే రైతు జేబులోకి రూపాయి రాదు.

ఇంకా కిందికి దిగితే ఇటలీ సరిహద్దున బ్ర్దా గుట్టలు. ద్రాక్ష, చెర్రీ తోటలు. మేం పోయింది జూన్ కాబట్టి చెర్రీలు కోతకు వచ్చి ఉన్నాయి. అక్కడ ద్రాక్ష రైతులు 1957లో పెట్టుకున్న సహకార వైన్ కేంద్రం ఈనాటికీ నడుస్తోంది. కొన్ని వందల కుటుంబాలకు అదే ఆధారం. ప్రభుత్వాలు మారాయి, దేశమే మారింది, సహకార సంఘం మాత్రం మూతపడలేదు. మన దగ్గర మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీలు, పాల సంఘాలు తలచుకుంటే కడుపు మండుతుంది.

ఎర్రనేల మీద ఎనిమిది రోజుల హక్కు

నన్ను ఎక్కువ కదిలించింది కార్స్త్ అనే ప్రాంతం. సున్నపురాయి నేల, పైన ఎర్రమట్టి. పడిన వాన పడినట్టే రాళ్ల సందుల్లోంచి కిందికి ఇంకిపోతుంది. పైన ఏరూ లేదు, వాగూ లేదు. నేల అడుగున మాత్రం మన బెలుం మాదిరి గుహలు, వాటిలో నదులు. ప్రపంచంలో ఇట్లాంటి నేలలన్నిటినీ కార్స్ట్ అని పిలిచేది ఈ ప్రాంతం పేరు మీదే. చలికాలంలో బుర్యా అనే గాలి ఇంటి కప్పులు లేపేస్తుందట. అందుకే చాలా పాత ఇళ్లకు రాతిపలకల కప్పు. చేలల్లో రాళ్లు ఏరి గోడలు పేర్చారు. ఎర్రమట్టి, రాళ్లగోడలు, నీటి కొరత. కారు దిగి కాసేపు నిలబడితే మన సీమలో నిలబడ్డట్టే అనిపించింది.

అక్కడ నాలుగు దారులు కలిసే చోట ఒక గుంజకు పచ్చని తీగకొమ్మ కట్టి, కింద ఎర్రబాణం గుర్తు పెట్టారు. ఐవీ అనే తీగ అది. "ఇదేందిరా?" అంటే మేనల్లుడికీ తెలియదు. బాణం చూపిన దారిన పోయాం. ఇంకో మలుపు, ఇంకో కొమ్మ. చివరికి ఒక రైతు వాకిట్లో తేలాం. చెట్టు కింద బల్లలు, వాటి మీద ఆ ఇంటి రొట్టె, గుడ్లు, చీజ్, ఎండబెట్టిన మాంసం, ఆ ఎర్రమట్టిలోనే పండిన ద్రాక్షతో చేసిన తెరాన్ వైన్. ఊరివాళ్లు, దారిన పోయేవాళ్లు కలిసి కూర్చుని తింటున్నారు. వడ్డించేది ఇంటి కోడలు, డబ్బు తీసుకునేది అత్తగారు.

దీని పేరు ఓస్మిత్సా. వాళ్ల భాషలో ఓసెమ్ అంటే ఎనిమిది. 1784లో ఆ ప్రాంతాన్ని ఏలిన ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ ఒక శాసనం చేశాడు. రైతు తాను పండించిన వైన్‌ను, తిండి సరుకును ఏడాదిలో కొన్ని రోజులు తన ఇంటి దగ్గరే అమ్ముకోవచ్చని. ఆ రోజులు ఎనిమిది కాబట్టి ఆ పేరు. అమ్మకం ఉన్న రోజుల్లో కొమ్మ కట్టాలి, అయిపోయాక తీసేయాలి. రాజ్యాలు పోయాయి, రెండు ప్రపంచ యుద్ధాలు ఆ నేల మీదుగానే నడిచాయి. చక్రవర్తి పోయాడు, కొమ్మ మాత్రం పోలేదు. ఒక ఇంటి వంతు అయ్యాక ఇంకో ఇల్లు వాకిలి తెరుస్తుంది. ఈ వారం ఎవరి వంతో తెలుసుకుని పట్నాల నుంచి కార్లు వేసుకుని వస్తారు.

ఆలోచించండి. ఆ రైతు హోటలు పెట్టలేదు. అప్పు తెచ్చి భవనం కట్టలేదు. ఉన్న ఇల్లు, ఉన్న చెట్టు, ఉన్న పంట. దళారి లేడు, లారీ బాడుగ లేదు, మండీ కమీషన్ లేదు. ధర చెప్పింది రైతే. ఏడాది పొడుగునా అతిథులను ఉంచుకోదలచిన రైతులకు వేరే ఏర్పాటు ఉంది, దాన్ని టూరిస్టు కమతం అంటారు. ఇంట్లో రెండు మూడు గదులు బాడుగకిస్తారు. వడ్డించే తిండిలో ఇంత వంతు సొంత పొలానిదే ఉండాలని నిబంధన. కాబట్టి పట్నం వ్యాపారి వచ్చి రైతు పేరు మీద హోటలు నడపడం అంత తేలిక కాదు.

చివరి రోజు పిరాన్ పక్కన సెచోవ్లే ఉప్పుమళ్లు చూశాం. పెతోలా అనే నాచు పొరను మడి అడుగున శతాబ్దాలుగా పెంచుతున్నారు. అది ఉప్పుకు బురద అంటనివ్వదు. ఇప్పటికీ కొయ్య పలకలతో చేత్తో లాగుతారు. యంత్రం ఉప్పుతో ధరలో పోటీ పడలేమని తెలిసి, ఊరి పేరు పెట్టి, ఎట్లా చేస్తారో జనాన్ని పిలిచి చూపించి అమ్ముకుంటున్నారు.

మన సంగతి

వాళ్లకు యూరోపియన్ యూనియన్ సబ్సిడీ ఉంది. వచ్చే యాత్రికుడి జేబులో యూరోలున్నాయి. అక్కడా కమతాల సంఖ్య తగ్గుతోంది, పిల్లలు పట్నాలకు పోతున్నారు. కాబట్టి అదంతా స్వర్గమని నేను చెప్పను. కానీ ఆ కొమ్మ కట్టడానికి సబ్సిడీ అక్కర్లేదు కదా?

మా అన్నకు పుట్టపర్తి పోయే దారికి మైలు లోపల రెండెకరాల చీనీ తోట ఉంది. కాయ దిగిందంటే మండీకి తోలాలి. అక్కడ సూట్ కింద కొంత తీసేస్తారు, కమీషన్ కింద కొంత పోతుంది, మిగిలినదానికి వాళ్లు చెప్పిందే ధర. మూడేళ్లుగా పెట్టుబడి కూడా రాలేదు. చెట్లు కొట్టేసి ప్లాట్లు వేసేవాళ్లకు ఇచ్చేద్దామని మాట కూడా అయింది. ఆ మైలు దూరంలోనే రోజూ ఎన్నో కార్లు, బస్సులు పోతుంటాయి. వాటిలోని వాళ్లు దారిలో ఆగి సీసాలో పోసిన రంగునీళ్లు కొని తాగుతారు. పక్కనే చీనీ తోట ఉందని వాళ్లకు తెలియదు. చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

1999 జనవరిలో రైతు బజార్లు వచ్చినప్పుడు రైతు పట్నానికి పోయి తన ధరకు అమ్ముకునే దారి ఏర్పడింది. మంచి పని. కానీ ఐదు బుట్టల కాయ ఉన్న సన్నకారు రైతు రోజూ పట్నం పోలేడు. వినియోగదారుడే ఊరికి వచ్చే రెండో దారి కూడా ఉండాలి. లేపాక్షి, పుట్టపర్తి, కదిరి, తాడిపత్రి దారుల్లో పంట దిగే రోజుల్లో ఒక్కో ఊళ్లో వంతుల వారీగా రైతు వాకిట్లో అమ్మకం పెట్టుకోవచ్చు. పర్యాటక శాఖ, మార్కెటింగ్ శాఖ కలిసి చేయాల్సింది పెద్దదేమీ కాదు. అన్ని ఊళ్లకూ ఒకటే రకం గుర్తు ఇవ్వాలి. రోడ్డు పక్క ఆ గుర్తు పాతుకోవడానికి అనుమతి ఇవ్వాలి. రైతు కానివాడు, బయట సరుకు తెచ్చినవాడు ఆ గుర్తు వాడకుండా చూడాలి. ఈ మూడోది చేయకపోతే నెల తిరక్కుండా గుర్తు వ్యాపారుల చేతికి పోతుంది.

రైతులూ ఒక మాట గుర్తుంచుకోవాలి. వాకిటికి వచ్చినవాడికి పుచ్చుకాయలు కట్టబెడితే రెండోసారి రాడు, ఇంకొకరిని రానివ్వడు. తూకం సరిగా ఉండాలి, వాకిలి ఊడ్చి ఉండాలి, తాగడానికి చల్లటి నీళ్లు ఉండాలి. ఆ కార్స్త్ వాకిట్లో నేను చూసిన గొప్పతనమంతా ఇంతే.

తిరిగొచ్చాక మా అన్నతో ఈ సంగతులన్నీ చెప్పాను. నవ్వాడు. "మన దోవకు ఎవరొస్తారప్పా?" అన్నాడు. అయినా పోయిన కోతకు రోడ్డు మొదట్లో ఒక గుంజ పాతి, మామిడి మండ కట్టి, బాణం గీసిన అట్ట తగిలించాం. వదిన చెట్టు కింద త్రాసు పెట్టుకుని కూర్చుంది. మొదటి రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు ఒక కారు వచ్చింది. వారం తిరిగేసరికి రెండు క్వింటాళ్లు పోయాయి. మిగిలిన కాయంతా ఎప్పటిలాగే మండీకే తోలాం, ఎప్పటిలాగే సూట్ తీశారు. రెండు క్వింటాళ్లతో తోట అప్పు తీరదు, నిజమే. కానీ ఆ రెండు క్వింటాళ్లకు ధర చెప్పింది మా అన్న. ప్లాట్ల వాళ్లు మళ్లీ వస్తే, ఇంకో కోత చూశాక మాట్లాడదామని చెప్పి పంపాడు.